సాగే అల్లికను యంత్రానికి నేర్పిన వడ్రంగి

చలికాలంలో మనం వేసుకునే స్వెట్టర్ చేతి అంచును, సాక్స్ పైభాగాన్ని లాగి వదిలితే మళ్లీ దగ్గరకు ముడుచుకుంటాయి. నిలువు గీతలతో కనిపించే ఆ అల్లికను రిబ్ అంటారు. చేతి సూదులతో అల్లేవారికి అది ముందే తెలుసు. దాన్ని యంత్రం మీదికి తెచ్చి పేరు పొందినవారు జెడిడయా స్ట్రట్.

ఆయన 1726లో ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో, సౌత్ నార్మంటన్ అనే ఊరిలో రైతు కుటుంబంలో జన్మించారు. 14వ ఏట మనలాగే ఇల్లు విడిచి, ఫిండర్న్ గ్రామంలో బండిచక్రాలు చేసే వడ్రంగి దగ్గర ఏడేళ్లు పని నేర్చుకున్నారు. అక్కడ తాను బస చేసిన ఇంటి అమ్మాయి ఎలిజబెత్ వూలాట్‌ను 1755లో వివాహం చేసుకున్నారు. మేజోళ్ల వ్యాపారి అయిన బావమరిది విలియం ద్వారా యంత్రాల అల్లిక ఆయన దృష్టికి వచ్చింది.

1589లో విలియం లీ కనిపెట్టిన యంత్రం సాదా అల్లికనే అల్లేది. అందులో లూపులన్నీ ఒకే వైపు తిరిగి ఉండటం వల్ల గుడ్డ అంచులు చుట్టుకుపోతాయి. స్ట్రట్ ఆ యంత్రాన్ని పక్కన పెట్టలేదు. దాని ముందు మరో వరుస సూదులున్న పరికరాన్ని అమర్చారు. ఆ సూదులు కొన్ని లూపులను అందుకొని వెనక్కి తిప్పుతాయి. ముందుకు తిరిగిన నిలువు వరుస, వెనక్కి తిరిగిన వరుస పక్కపక్కన వచ్చేసరికి లాగుడు సరిసమానమై అంచు చుట్టుకోదు. వెనుక వరుసలు ముందు వరుసల చాటుకు ముడుచుకోవడంతో గుడ్డ వెడల్పు తగ్గుతుంది. లాగితే అవే బయటికొస్తాయి. అంటే ఇక్కడ సాగేది నూలు కాదు, లూపుల అమరిక. ఒక్కో లూపులో ఎంత పొడవు నూలు పడిందన్న దాన్ని బట్టే ఉతికి ఆరిన గుడ్డ కొలతలు ప్రధానంగా ఉంటాయని 20వ శతాబ్దపు పరిశోధకులు తేల్చారు.

1759లో పేటెంట్ పొందిన ఈ డెర్బీ రిబ్ ఆయనను సంపన్నుణ్ణి చేసింది. తర్వాత రిచర్డ్ ఆర్క్‌రైట్‌తో భాగస్వామిగా చేరారు. బెల్పర్, మిల్‌ఫోర్డ్‌లలో నూలు మిల్లులు కట్టించారు. 1797లో కన్నుమూశారు.

ఆ మిల్లుల్లో మన ఈడు పిల్లలు, మనకన్నా చిన్నవారు కూడా పనిచేశారు. అక్కడికి వచ్చిన పత్తిలో బానిసలు పండించినదీ ఉంది. ఈ సంగతి దాచి ఆయనను పొగడటం మాకు ఇష్టం లేదు. ఉన్న యంత్రానికే కొత్త ఆలోచన జోడించిన ఆ చేతిపనిని నేర్చుకుందాం. ఆ పిల్లలకు దొరకని చదువు మన చేతిలో ఉందని మరచిపోకుండా ఉందాం.