పావియా ఆచార్యుడు స్పల్లాంజాని

మందలో మేలైన పొట్టేలును ఏరి నిలుపుకొనుట, ఊరి ఆవులకై ఆబోతును విడుచుట ప్యాపిలి వంటి మెట్టసీమలలో తరతరములుగా ఎరిగిన విద్యలే. ఎదకు వచ్చిన ఆవును పశువైద్యశాలకు తోలుకొనిపోయి సూది వేయించుట మాత్రము క్రొత్త. ఎన్నడును కంటబడని ఆబోతు వలన తన ఆవు చూడి కట్టునని నమ్ముట ఎవరికైనను తేలిక కాదు. ఆ సంగతిని క్షీరదములయందు శాస్త్రరీతిని మొదట నిరూపించినవాడు పశువైద్యుడు కాడు. ఇటలీ దేశపు క్రైస్తవ మతాచార్యుడు, విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రము బోధించిన పండితుడు. ఆయన పేరు లాజరో స్పల్లాంజాని.

1729 జనవరి 12వ తేదీన మోడెనా రాజ్యములోని స్కాండియానో అను చిన్న ఊరిలో ఒక న్యాయవాది ఇంట ఆయన జన్మించెను. తండ్రి వృత్తినే చేపట్టవలెనని బొలోన్యా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదువబోయెను. అచట ఆయన బంధువైన లారా బాస్సీ భౌతికశాస్త్రము బోధించుచుండెను. స్త్రీకి అక్షరజ్ఞానమే అరుదైన ఆ కాలమున ఆమె ఆచార్యపీఠము నధిష్ఠించుట సామాన్యము కాదు. ఆమె సాంగత్యమున యువకుని మనస్సు చట్టముల నుండి ప్రకృతి వైపు మరలెను. వల్లిస్నేరి అను పండితుడు తండ్రికి నచ్చజెప్పగా చదువు మారినది. తరువాత మతదీక్ష గైకొని, రెజ్జో, మోడెనా పట్టణములలో బోధించి, 1769లో పావియా విశ్వవిద్యాలయమునకు వచ్చి కడవరకు అచటనే నిలిచెను.

ప్రాణి ఎట్లు పుట్టునన్న ప్రశ్నపై ఆనాటి పండితులు రెండు పక్షములై యుండిరి. బిడ్డ సూక్ష్మరూపమున తల్లి అండములోనే యుండునని కొందరు, తండ్రి శుక్రములో నుండునని కొందరు. స్పల్లాంజాని అండపక్షము వాడు. అయినను ఆయనది వాదముతో తృప్తిపడు స్వభావము కాదు. మగకప్పలకు పట్టుగుడ్డతో చిన్న లాగులు కుట్టించి తొడిగెను! ఆడకప్పలు పెట్టిన గ్రుడ్లు పొదగక చెడిపోయినవి. లాగులలో నిలిచిన ద్రవమును గ్రుడ్లకు తాకించగా అవి పిల్లలైనవి. ఈ వేడుక చూచి నవ్వినవారుండవచ్చును గాని, స్పర్శయే కారణమని తేల్చుటకు ఇంతకంటె సూటియైన మార్గము లేదు.

1780లో ఒక ఆడకుక్కను గదిలో నుంచి తాళము వేసి, తాళపుచెవి తన యొద్దనే పెట్టుకొనెను. అది ఎదకు వచ్చిన పిమ్మట, మగకుక్క శుక్రమును శరీరపు వేడిమి చెడకుండ పిచికారితో గర్భాశయమున ప్రవేశపెట్టెను. 62 దినములకు అది మూడు పిల్లలను ఈనెను. పిల్లలు తల్లినే కాక తండ్రిని కూడ పోలియుండెను. 1782లో పీసా పట్టణమున రోస్సీ ఇదే ప్రయోగమును మరల చేసి ఫలము పొందెను.

విచిత్రమేమనగా, సత్యము చేతికి అందియు ఆయనకు పట్టుపడలేదు. కప్ప శుక్రమును కాగితములో వడగట్టగా దిగిన ద్రవమునకు శక్తి లేదు. కాగితముపై మిగిలిన దానికి శక్తి కలదు. అనగా బీజకణములే కారణము. తండ్రి పోలికలున్న ఆ కుక్కపిల్లలు సయితము అండవాదమునకు ఎదురు సాక్ష్యమే. అయినను ఆయన తన పక్షము వీడలేదు. 1824లో ప్రెవో, డ్యూమా అను వారు ఈ వడపోతనే తిరిగి చేసి, కణములే ముఖ్యమని తేల్చిరి.

విశ్వవిద్యాలయము పండితుల నిలయమే గాని, అసూయ లేని చోటు కాదు. 1785లో ఆయన కాన్‌స్టాంటినోపిలు యాత్రకు వెడలగా, తోటి ఆచార్యులు కొందరు విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలోని వస్తువులను ఆయన దొంగిలించెనని అభియోగము మోపిరి. జీవితమంతయు కూర్చుకొన్న పేరు ఒక్కసారిగా తూగుటూయల నెక్కినది. వియన్నా ప్రభుత్వము విచారించి ఆయనను నిర్దోషిగా ప్రకటించెను. ఆయనయు ఊరకుండినవాడు కాడు. ప్రతిపక్షులలో స్కోపోలి అను ప్రసిద్ధ పండితునకు కోడి అవయవములతో కూర్చిన నకిలీ పురుగును చేరవేయించగా, దానిని క్రొత్త జీవిగా వర్ణించి స్కోపోలి లోకమున నవ్వులపాలయ్యెను. మతాచార్యునికి తగిన పని కాదిది.

ఆయన చూపిన దారి పశుశాలలకు చేరుటకు ఒకటిన్నర శతాబ్దము పట్టినది. మన దేశమున 1939లో మైసూరు రాజప్రాసాదపు పాడిక్షేత్రములో సంపత్కుమారన్ ఈ పద్ధతిని ప్రవేశపెట్టెను. 1955లో బాపట్లలో మొదలై తరువాత తిరుపతికి తరలిన పశువైద్య కళాశాల విద్యార్థులకు పశుప్రజననము, జన్యుశాస్త్రము ముఖ్య పాఠ్యాంశములు. ఒక మేలుజాతి ఆబోతు బీజము నేడు వేల ఆవులకు చేరుచున్నది.

వార్ధక్యమున ఆయన గబ్బిలములు చీకటిలో ఎట్లు తిరుగునో పరిశోధించెను. మూత్రాశయ వ్యాధితో 1799 ఫిబ్రవరిలో పావియాలోనే కన్నుమూసెను. రోగమునకు గురియైన ఆ అవయవమును వైద్యులు భద్రపరచి, పావియా ప్రదర్శనశాలలో నుంచిరి.