బి.విఠలాచార్య

బి.విఠలాచార్య (1920 - మే 28, 1999) తెలుగు మరియు కన్నడ చలనచిత్ర దర్శకుడు, నిర్మాత. మంత్రగాళ్ళు, రాక్షసులు, దెయ్యాలు, కత్తియుద్ధాలు నిండిన చిత్రాల ద్వారా జానపద బ్రహ్మగా ప్రసిద్ధి చెందాడు. జపానులో గాడ్జిల్లా వంటి రాకాసి మృగాల చిత్రాలు వెలువడుతున్న కాలంలోనే తెలుగులో తక్కువ ఖర్చుతో, మనుషులకు వేషాలు వేసి, కెమెరాలోనే మాయలు చేసి వింత జీవులను తెర మీదికి తెచ్చినవారిలో ఇతడు అగ్రగణ్యుడు.

బాల్యం, తొలి జీవితం

విఠలాచార్య ఉడిపిలో జన్మించాడు. తండ్రి ఆయుర్వేద వైద్యుడు. చదువు ప్రాథమిక తరగతుల దగ్గరే ఆగిపోయింది. నాటకాలు, యక్షగానం, బయలాట అంటే చిన్ననాటి నుండి మక్కువ. రాత్రంతా సాగే యక్షగానంలో రాక్షస వేషధారి తలపై పెద్ద కిరీటంతో, ముఖాన దట్టమైన రంగులతో కేకలు వేస్తూ రంగంలోకి వస్తాడు. వేషం లోపల ఉన్నది తమ ఊరివాడేనని ప్రేక్షకులకు తెలుసు. అయినా పిల్లలు జడుసుకుంటారు, పెద్దలు ఆనందిస్తారు. తరువాతి కాలంలో విఠలాచార్య సినిమాలకు ఇదే పునాది అనుకోవచ్చు.

చిన్న వయసులోనే ఇల్లు విడిచి అరసికెరె చేరి, చిన్నాచితకా పనులు చేసి, క్రమంగా అక్కడ ఒక హోటలుకు యజమాని అయ్యాడు. క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళాడు. విడుదలైన తరువాత నిలకడగా నడుస్తున్న హోటలును తమ్మునికి అప్పగించి, మిత్రుడు డి.శంకర్ సింగ్‌తో కలిసి హాసన్ జిల్లా పల్లెలలో టూరింగ్ టాకీసు నడపసాగాడు. డేరాలో ఆడించిన ప్రతి సినిమానూ శ్రద్ధగా గమనించేవాడు. సినిమా విద్యను అతడు నేర్చుకున్నది ఈ డేరాలోనే. నేల మీద కూర్చున్న ప్రేక్షకుడు ఎక్కడ ఈల వేస్తాడో, ఎక్కడ బీడీ కోసం బయటికి పోతాడో తెలుసుకునే అవకాశం స్టూడియోలలో పెరిగిన దర్శకులకు అంతగా దొరకదు.

కన్నడ చిత్రరంగం

శంకర్ సింగ్, విఠలాచార్యలు మైసూరు కేంద్రంగా మహాత్మా పిక్చర్స్ పేరుతో కన్నడ చిత్రాలు నిర్మించారు. వీటిలో 1949 నాటి నాగకన్నిక, 1951లో శంకర్ సింగ్ దర్శకత్వంలో వచ్చిన జగన్మోహిని ముఖ్యమైనవి. 1952లో శ్రీనివాస కల్యాణ చిత్రంతో విఠలాచార్య దర్శకుడయ్యాడు. తరువాత సొంతంగా విఠల్ ప్రొడక్షన్స్ సంస్థను స్థాపించి మద్రాసుకు తరలివచ్చాడు.

తెలుగు చిత్రాలు

తెలుగులో ఇతని తొలి చిత్రాలు కన్యాదానం (1955), వద్దంటే పెళ్ళి (1957). రెండూ సాంఘికాలే. 1959లో కాంతారావు కథానాయకుడుగా తీసిన జయ విజయతో జానపదాల బాట పట్టాడు. కనకదుర్గ పూజా మహిమ (1960), వరలక్ష్మీ వ్రతం (1961), మదన కామరాజు కథ (1962), గురువును మించిన శిష్యుడు (1963), నవగ్రహ పూజా మహిమ (1964), జ్వాలాద్వీప రహస్యం (1965) వరుసగా వచ్చాయి. కత్తి కాంతారావు అన్న పేరు నిలిచిపోవడానికి ఈ చిత్రాలు చాలావరకు కారణం. ఎన్.టి.రామారావుతో తీసిన బందిపోటు (1963), అగ్గిపిడుగు (1964), మంగమ్మ శపథం (1965) కూడా జనాదరణ పొందాయి.

కారెంపూడిలో ఏటా వీరుల ఉత్సవాలు జరిగే పల్నాడులో, దాచేపల్లి, గురజాల వంటి ఊళ్ళ ప్రేక్షకులకు కత్తి పట్టిన వీరుని కథ ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. జానపద చిత్రాలకు ఇటువంటి ప్రాంతాలే బలం.

మాయల వెనుక పనితనం

పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) చిత్రాలలో విజయా సంస్థ తన వనరులతో, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణంతో ట్రిక్ ఫోటోగ్రఫీకి ఉన్నత ప్రమాణాలు నెలకొల్పింది. విఠలాచార్యకు అంతటి పెట్టుబడి లేదు. అతడు ఎక్కువగా పాత పద్ధతులనే వాడుకున్నాడు. మాంత్రికుడు మాయం కావాలంటే కెమెరాను కదలకుండా నిలిపి, ఆపి, నటుడు పక్కకు తప్పుకున్నాక తిరిగి నడిపిస్తారు. ఒకే నటుడు రెండు పాత్రలలో ఎదురెదురుగా నిలవాలంటే దృశ్యంలో సగభాగాన్ని మూసి ఒకసారి, ఫిల్మును వెనక్కి తిప్పి రెండవ సగంపై మరొకసారి చిత్రీకరిస్తారు. ఈ పద్ధతిలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా రెండు సగాల మధ్య గీత కనిపిస్తుంది, మొత్తం పని మళ్ళీ చేయవలసిందే. కవల సోదరుల కథ అయిన అగ్గిపిడుగు వంటి చిత్రాలకు ఇటువంటి ఓర్పు అవసరం. ఎలుగుబంట్లు, రాక్షసులు, అస్థిపంజరాలు చాలావరకు వేషాలు, బొమ్మలే.

పొదుపులో విఠలాచార్య పేరుమోసినవాడు. సెట్లను, దుస్తులను తిరిగి వాడుకునేవాడు. కాల్షీట్లు ఇవ్వని నటుని పాత్రను శాపం పేరుతో చిలుకగానో మేకగానో మార్చి చిత్రం పూర్తిచేసేవాడని సినీవర్గాలలో ఒక కథ ప్రచారంలో ఉంది. కాశీమజిలీ కథలు విన్న ప్రేక్షకునికి రాకుమారుడు చిలుక కావడం సహజమే కనుక అది అతుకులా కనిపించదు.

జపాను చిత్రాలతో పోలిక

1954 నవంబరులో విడుదలైన గాడ్జిల్లా చిత్రానికి దర్శకుడు ఇషిరో హోండా, మాయాదృశ్యాల నిపుణుడు ఎయిజి త్సుబురాయ. బొమ్మను కొద్దికొద్దిగా కదిలిస్తూ చిత్రీకరించే కింగ్ కాంగ్ (1933) పద్ధతి త్సుబురాయకు ఎంతో ఇష్టం. కాని అంత సమయం, డబ్బు లేకపోవడంతో హరువో నకజిమ అనే నటునికి బరువైన రబ్బరు తొడుగు వేసి, చిన్నచిన్న నమూనా భవనాల మధ్య నడిపించారు. కెమెరాను మామూలు కన్నా వేగంగా నడిపి చిత్రీకరించడం వలన తెరపై ఆ జీవి నెమ్మదిగా, కొండంత బరువుతో కదిలినట్లు కనిపిస్తుంది.

పేదరికం నుండి ఉపాయం పుట్టడంలో మద్రాసుకు, టోక్యోకు తేడా లేదు. తేడా భయంలో ఉంది. గాడ్జిల్లా వెనుక 1945 నాటి హిరోషిమా, నాగసాకిల బూడిద, 1954లో బికినీ దీవిలో జరిగిన హైడ్రోజన్ బాంబు పరీక్ష ఉన్నాయి. అందుకే ఆ తొలి చిత్రంలో దుఃఖమే ఎక్కువ. విఠలాచార్య రాకాసులు అమ్మమ్మల కథలలోనుండి వచ్చినవి. గాడ్జిల్లా నగరాన్ని తొక్కుతుంది, విఠలాచార్య దెయ్యం వంటింట్లోకి వస్తుంది. కాలునే కట్టెగా పొయ్యిలో పెట్టి వంట చేసే దెయ్యం దృశ్యం చూసి భయపడిన పిల్లలే మరుక్షణం నవ్వుతారు. రెండు చోట్లా తొడుగు మడతలు కనిపిస్తూనే ఉంటాయి, అయినా చూసేవారి ఆనందం తగ్గదు. లోపల ఒక మనిషి చెమటోడుస్తున్నాడన్న ఎరుక కూడా ఆ ఆనందంలో భాగమే.

చివరి దశ

విమర్శకులు ఇతని చిత్రాలను చాలాకాలం నేలక్లాసు వినోదంగానే చూశారు. మాయాబజార్‌కు దక్కిన గౌరవంలో కొంతైనా వీటికి దక్కలేదు. ఆ తక్కువచూపు పూర్తిగా అన్యాయం కాదు: హడావుడిగా చుట్టేసిన కథలు, ఒకేలా ఉండే సన్నివేశాలు వీటిలో ఉన్నాయి. 1970లలో సాంఘిక చిత్రాల జోరులో జానపదాలు వెనుకబడ్డాయి. 1978లో నరసింహరాజు, జయమాలిని, ప్రభ నటించిన జగన్మోహినితో విఠలాచార్య ఘనవిజయం సాధించాడు. కన్నడంలో 27 ఏళ్ళ క్రితం తమ సంస్థకు కలిసివచ్చిన పేరే ఇది. గంధర్వ కన్య (1979), మదన మంజరి (1980) దీని తరువాత వచ్చినవి.

1990లలో కంప్యూటర్ గ్రాఫిక్స్ తెలుగు సినిమాలోకి ప్రవేశించాయి. 1999 మే 28న విఠలాచార్య మరణించాడు. జగన్మోహినిని 2009లో తమిళంలో నమిత ప్రధాన పాత్రలో పునర్నిర్మించారు.