కాకినాడకు చేరిన హాల్డేన్

జె.బి.ఎస్. హాల్డేన్ పేరు మాకు ముందు పుస్తకంలో కాదు, ఇంటి కష్టంలో పరిచయమైంది. పెనుకొండ హాస్టల్లో చదివి, హిందూపురంలో డిగ్రీ చేసి, పీజీలో చేరిన ఏడాది అది. ధర్మవరంలో మగ్గం నేసే మా పిన్నమ్మ కూతురికి లూపస్ వచ్చింది. ముక్కుకు అటూ ఇటూ సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రటి మచ్చ, కీళ్ళ నొప్పులు, విడవని జ్వరం. వంశంలో ఏదో పాపముందని చుట్టాలన్నారు. మేనరికం చేసుకున్నావు కదా అని పిన్నమ్మనే తప్పు పట్టారు. దీనికి జవాబు వెతుకుతుంటే హాల్డేన్ కనిపించారు.

ఆయన 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి శాస్త్రవేత్త. గనుల్లోని విషవాయువులను తన మీదే పరీక్షించుకునేవారు, కొడుకునూ వెంట తీసుకెళ్ళేవారు. పెద్దయ్యాక కొడుకూ అదే దారి పట్టి, తన ఒంటినే ప్రయోగశాల చేసుకున్నారు. ఆశ్చర్యమేమంటే ఆయనకు సైన్సు డిగ్రీ లేదు. చదివింది గణితం, గ్రీకు, లాటిన్. (కోరిన గ్రూపు దొరకలేదని దిగులుపడే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు గమనించాలి.)

మధ్యధరా తీరంలో థలసీమియా ఎందుకంత ఎక్కువ? 1949లో ఆయన ఒక ఊహ చెప్పారు. ఆ జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే ప్రాణం మీదికి తెస్తుంది, ఒకరి నుంచే వస్తే మలేరియాను తట్టుకునే బలమిస్తుందేమోనని. 1954లో ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో ఇలాంటిదే రుజువైంది.

లూపస్‌లో మనల్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే మన మీద తిరగబడుతుంది. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది దాకా ఆడవాళ్ళే. ఐరోపా వారికన్నా ఆఫ్రికా, ఆసియా మూలాల వారిలో ఎక్కువ. ఆరో క్రోమోజోమ్ మీది హెచ్.ఎల్.ఎ. గుర్తుల్లో కొన్ని దీనికి దారిస్తాయి. ఎఫ్.సి.జి.ఆర్.2బి అనే మరో జన్యువులో ఒక మార్పు ఆఫ్రికా, ఆగ్నేయాసియా వారిలో ఎక్కువగా ఉంటుంది. అది ఇద్దరి నుంచీ వస్తే లూపస్ ముప్పు పెరుగుతుందని, కెన్యా పిల్లల్ని మాత్రం అదే తీవ్రమైన మలేరియా నుంచి కాపాడిందని 2010లో తేలింది. హాల్డేన్ పోయిన 46 ఏళ్ళకు ఆయన ఊహే మళ్ళీ ఎదురొచ్చిందన్నమాట.

మా చెల్లిలో ఆ మార్పు ఉందో లేదో ఎవరూ చూడలేదు. దగ్గరి పెళ్ళిళ్ళలో ఒకే జన్యువు రెండు వైపులా కలిసే అవకాశం పెరిగే మాట నిజమే. కానీ లూపస్‌కు ఏదో ఒక్క జన్యువే కారణం కాదు. ఇదంతా పిన్నమ్మకు మగ్గం గుంత పక్కన కూర్చుని రెండుసార్లు చెప్పాం. ఆమె కండె మార్చుకుంటూ వింది. పాపం అన్న మాట ఆ ఇంట్లో తగ్గింది.

1957లో హాల్డేన్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు. జుబ్బా తొడిగారు, మాంసం మానారు, మన పౌరసత్వం తీసుకున్నారు. ఆయన శిష్యుడు, మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణ ఆంధ్రలో మేనరికాల మీద లెక్కలు తీశారు. 1964 డిసెంబరు 1న హాల్డేన్ భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. పోయాక ఒంటితో తనకిక పనిలేదని, పరులకు పనికిరావాలని ముందే రాసిపెట్టారు. ఆ దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి, విద్యార్థుల చదువు కోసం ఇచ్చారు.