వార్తల వీధి నుంచి అపరాధ కథల లోకానికి: ఎడ్గార్ వాలెస్ జీవితం

1902 మే నెలలో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా, వెరీనిగింగ్ పట్టణాల మధ్య నడిచే రైలులో ఒక బ్రిటిష్ విలేకరి పదేపదే అటూ ఇటూ ప్రయాణించేవారు. బ్రిటన్‌కూ బోయర్లకూ మధ్య రెండున్నరేళ్లుగా సాగుతున్న యుద్ధాన్ని ముగించే చర్చల కోసం వెరీనిగింగ్ వద్ద శిబిరం ఏర్పాటైంది. అందులోకి పత్రికల వారికి ప్రవేశం లేదు. బయటకు వెళ్లే తంతి సందేశాలను సైనికాధికారులు తనిఖీ చేసేవారు. అయితే శిబిరం కాపలాదారుల్లో ఆ విలేకరికి పాత సైనిక మిత్రుడు ఒకడు ఉన్నాడు. రైలు అటుగా వెళ్లే వేళకు అతడు జేబురుమాలు బయటకు తీసేవాడు. ఎర్రరుమాలు కనిపిస్తే చర్చల్లో కదలిక లేదని, నీలిరుమాలైతే పురోగతి ఉందని, తెల్లరుమాలైతే సంధి ఖాయమని అర్థం.

తెల్లరుమాలు కనిపించింది. వాటాల కొనుగోలు లావాదేవీగా తోచే సంకేత భాషలో ఆ వార్త లండన్ చేరింది. అధికారిక ప్రకటన కంటే ముందే 'డైలీ మెయిల్' పత్రిక దాన్ని ప్రచురించింది. ఆ విలేకరి పేరు ఎడ్గార్ వాలెస్. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు. మూసిన తలుపుల వెనుక ఏం జరుగుతోందో చిన్న ఆనవాలుతో పసిగట్టడం, దాన్ని అందరికంటే ముందు చెప్పడం ఆయనకు వృత్తి నేర్పిన విద్యలు. వాటితోనే తరువాతి కాలంలో ఆయన ప్రపంచంలో అత్యధికంగా చదివించిన అపరాధ పరిశోధక రచయితల్లో ఒకరయ్యారు. ఆ వేగానికి జీవితాంతం మూల్యం కూడా చెల్లించారు.

వాలెస్ 1875 ఏప్రిల్ 1న లండన్ సమీపంలోని గ్రీనిచ్‌లో జన్మించారు. తల్లి పాలీ రిచర్డ్స్ రంగస్థల నటి. తండ్రి కూడా నటుడే, కానీ వారికి వివాహం కాలేదు. పసికందుగా ఉన్నప్పుడే తల్లి ఆయనను బిల్లింగ్స్‌గేట్ చేపల మార్కెట్‌లో పనిచేసే జార్జ్ ఫ్రీమన్ కుటుంబానికి అప్పగించింది. పేదరికం ఉన్నా ఆ ఇంట్లో ఆప్యాయతకు లోటు లేదు. పదకొండేళ్ల వయస్సులో ఆయన లండన్‌లోని లడ్‌గేట్ సర్కస్ కూడలిలో పత్రికలు అమ్మారు. పన్నెండేళ్లకే చదువుకు స్వస్తి పలికి పాలు పోయడం, రబ్బరు కర్మాగారంలో కూలి, చేపల పడవపై వంట వంటి పనులు చేశారు. ఏ పనిలోనూ ఎక్కువకాలం నిలువలేదు.

1894లో సైన్యంలో చేరిన వాలెస్ రెండేళ్ల తరువాత దక్షిణాఫ్రికాకు బదిలీ అయ్యారు. అక్కడే పద్యాలు, వ్యాసాలు రాయడం ప్రారంభించారు. 1898లో కేప్‌టౌన్‌లో రడ్యార్డ్ కిప్లింగ్‌ను కలుసుకున్నారు. బొంబాయిలో పుట్టి, లాహోర్, అలహాబాద్ పత్రికల్లో పనిచేసి, వార్తల నుంచి కథల్లోకి వచ్చిన కిప్లింగ్ ఆ యువ సైనికునికి ఆదర్శంగా నిలిచారు. మరుసటి ఏడాది వాలెస్ సొమ్ము చెల్లించి సైన్యం నుంచి విడుదల పొందారు. మొదట రాయిటర్స్ వార్తా సంస్థకు, అనంతరం డైలీ మెయిల్‌కు యుద్ధ విలేకరిగా పనిచేశారు.

సంధి వార్తను ముందుగా వెల్లడించడంతో బ్రిటిష్ సేనాధిపతి కిచెనర్ ఆగ్రహించారు. యుద్ధ విలేకరిగా వాలెస్‌కు ఉన్న అనుమతి రద్దయింది. అయితే లండన్‌కు సంకేత సందేశాలు పంపడంలో సాయపడిన వ్యాపారి ఫ్రీమన్ కోహెన్ అదే ఏడాది జొహానెస్‌బర్గ్‌లో 'రాండ్ డైలీ మెయిల్' పత్రికను స్థాపించి, ఆయనను తొలి సంపాదకునిగా నియమించారు. దశాబ్దాల తరువాత వర్ణవివక్షను ఎదిరించి పేరు పొందినది ఈ పత్రికే. అయితే వాలెస్ అక్కడ ఎక్కువకాలం లేరు. యజమానితో విభేదాలు, పెరిగిన అప్పులు, పసిబిడ్డగా ఉన్న కుమార్తె మరణం ఆయనను కుంగదీశాయి. 1903లో భార్యతో కలిసి లండన్ తిరిగి వచ్చారు.

ఆ ఏడాదే కన్నతల్లి ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. అప్పటికి ఆమె వృద్ధురాలు, తీవ్ర అనారోగ్యంతో ఉంది, చేతిలో సొమ్ము లేదు. తనను విడిచి వెళ్లిన తల్లిపై కోపంతో వాలెస్ ఆమెను రిక్తహస్తాలతో పంపివేశారు. కొద్దికాలానికే ఆమె మరణించింది. అడిగిన వారికి లేదనకుండా డబ్బు ఇచ్చే మనిషిగా తరువాత పేరు పొందిన ఆయన జీవితంలో ఇది చెరిపివేయలేని ఘట్టం.

డైలీ మెయిల్‌లో మళ్లీ విలేకరిగా చేరినా అప్పులు తీరలేదు. పాఠకులను కట్టిపడేసే నవల రాస్తే ఒక్కసారిగా బయటపడవచ్చని ఆయన భావించారు. 1905లో 'ది ఫోర్ జస్ట్ మెన్' వెలువడింది. ప్రచురణకర్త దొరకకపోవడంతో తానే టాలిస్ ప్రెస్ పేరుతో సంస్థ స్థాపించి అచ్చు వేయించారు. ఒక చట్టాన్ని ఉపసంహరించకపోతే చంపుతామని బ్రిటన్ విదేశాంగ మంత్రిని నలుగురు అజ్ఞాత వ్యక్తులు హెచ్చరిస్తారు. పోలీసులు చుట్టూ మోహరించినా, తాళం వేసిన గదిలో ఆయన మరణిస్తాడు. హత్య ఎలా జరిగిందో పుస్తకంలో చెప్పకుండా, కనిపెట్టిన వారికి 500 పౌండ్ల బహుమతులు ఇస్తామని వాలెస్ ప్రకటించారు.

పుస్తకం వేల సంఖ్యలో అమ్ముడైంది. కానీ సరైన సమాధానం ఎందరు పంపినా బహుమతి ఇంతమందికే పరిమితమన్న నిబంధనను ఆయన చేర్చలేదు. సరైన సమాధానాలు వెల్లువెత్తాయి. అందరికీ చెల్లించాల్సిన పరిస్థితి ఏర్పడింది. విజేతల జాబితా ఆలస్యమవుతున్న కొద్దీ అనుమానాలు పెరిగాయి. తన పత్రిక పరువు కూడా పోతుందని భయపడిన డైలీ మెయిల్ యజమాని ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ అప్పు ఇచ్చి ఆదుకోవలసి వచ్చింది. చివరకు ఆ నవల హక్కులను వాలెస్ వంద పౌండ్లు కూడా పలకని ధరకు వదులుకున్నారు. నేటికీ పునర్ముద్రణలు పొందుతున్న ఆయన తొలి నవల ఆయనను మరింత అప్పుల్లోకి నెట్టింది.

ఈలోగా వార్తల్లోనూ తొందరపాటు దెబ్బతీసింది. సబ్బుల పరిశ్రమలో గుత్తాధిపత్యానికి వ్యతిరేకంగా డైలీ మెయిల్ సాగించిన ప్రచారంలో వాలెస్ రాసిన కథనంలో లెక్క తప్పింది. ఆ ప్రచారంపై లీవర్ సంస్థ వేసిన పరువునష్టం దావాలో పత్రిక 1907లో 50 వేల పౌండ్ల పరిహారం చెల్లించాల్సి వచ్చింది. వాలెస్ ఉద్యోగం పోయింది. ఏ పత్రికా ఆయనను వెంటనే చేర్చుకోవడానికి ముందుకు రాలేదు. ఒకరకంగా ఆయనను పూర్తిస్థాయి కథకునిగా మార్చినది ఈ పరాజయమే.

బెల్జియం రాజు లియోపోల్డ్ పాలనలో కాంగోలో జరిగిన అకృత్యాలపై వార్తల కోసం ఆయన లోగడ అక్కడికి వెళ్లి వచ్చారు. ఆ అనుభవాలను కథలుగా మలచవచ్చని ఒక వారపత్రిక సంపాదకురాలు ఇసబెల్ థోర్న్ సూచించారు. అలా పశ్చిమాఫ్రికాలోని ఒక బ్రిటిష్ అధికారి చుట్టూ అల్లిన కథలు 1911లో 'శాండర్స్ ఆఫ్ ది రివర్' పేరిట పుస్తకంగా వచ్చాయి. అవి విశేష ఆదరణ పొందాయి. అయితే వలస పాలకుడిని రక్షకునిగా, ఆఫ్రికన్లను పిల్లల వంటి వారిగా చూపిన ఆ కథలు సామ్రాజ్యవాద దృష్టికి ఉదాహరణలుగా నేడు విమర్శకు గురవుతున్నాయి. వాటి ఆధారంగా 1935లో వచ్చిన చిత్రంలో నటించినందుకు ప్రసిద్ధ గాయకుడు పాల్ రాబ్సన్ తరువాత పశ్చాత్తాపపడ్డారు. కాంగోలో ఒక సామ్రాజ్యపు క్రూరత్వాన్ని వెతికిన విలేకరి, కథకునిగా తన దేశపు సామ్రాజ్యాన్ని ప్రశ్నించలేకపోయారు.

1921లో హాడర్ అండ్ స్టౌటన్ సంస్థతో కుదిరిన ఒప్పందం ఆయన దశ తిప్పింది. వాలెస్ చేతితో రాయడం తగ్గించి, డిక్టాఫోన్ యంత్రంలోకి కథ చెప్పేవారు. కార్యదర్శులు దాన్ని టైపు చేసేవారు. గడువు దగ్గర పడితే రెండు మూడు రోజుల్లో నవల పూర్తయ్యేది. ఇంగ్లండ్‌లో చదివే పుస్తకాల్లో నాలుగో వంతు ఆయనవేనని ప్రచురణకర్తలు ప్రచారం చేసుకున్నారు. మొత్తం 170కి పైగా నవలలు, అనేక నాటకాలు, వందలాది కథలు వెలువడ్డాయి.

ఈ రచనల బలం ఆయన విలేకరి జీవితంలోనే ఉంది. ఆ కాలపు అనేక కథల్లో మేధావి అయిన ప్రైవేటు పరిశోధకుడు చిక్కుముడి విప్పితే, వాలెస్ కథల్లో తరచుగా ఆ పని చేసేది పోలీసులు, ప్రభుత్వ ఉద్యోగులు. చేపల మార్కెట్, న్యాయస్థానం, గుర్రప్పందేల మైదానం ఆయన చూసి ఎరిగిన ప్రదేశాలు. 1925లో పుస్తకరూపం పొందిన కథల నాయకుడు జె.జి. రీడర్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కార్యాలయంలో పనిచేసే సాత్వికుడైన ఉద్యోగి. 1926లో 'ది రింగర్' నాటకం లండన్ రంగస్థలంపై ఘన విజయం సాధించింది. 1929లో షికాగో సందర్శించి, అక్కడి ముఠాల ప్రపంచం ఆధారంగా 'ఆన్ ది స్పాట్' నాటకాన్ని కొద్ది రోజుల్లోనే రాశారు. వేగం వల్ల కథల్లో లోపాలు దొర్లాయి, పాత్రలు పలుచబడ్డాయి. అయినా పాఠకుడు పుస్తకం కింద పెట్టలేదు.

సినిమా ఆయనను సహజంగానే ఆకర్షించింది. 1927లో బ్రిటిష్ లయన్ చిత్ర నిర్మాణ సంస్థకు అధ్యక్షులయ్యారు. తన కథలతో రెండు చిత్రాలకు స్వయంగా దర్శకత్వం వహించారు. ఆదాయం భారీగా ఉన్నా, గుర్రప్పందేలు, విలాసాలు, దానాలు దాన్ని మించిపోయాయి. 1931 సార్వత్రిక ఎన్నికల్లో బ్లాక్‌పూల్ నుంచి లిబరల్ అభ్యర్థిగా పోటీచేసి భారీ తేడాతో ఓడిపోయారు. అదే నవంబరులో ఆర్‌కేఓ సంస్థ ఆహ్వానంపై హాలీవుడ్ బయలుదేరారు.

అక్కడ నిర్మాత మెరియన్ సి. కూపర్ మనసులో ఒక భారీ గొరిల్లా కథ రూపుదిద్దుకుంటోంది. 1932 జనవరి మొదటి వారంలో, కొద్ది రోజుల వ్యవధిలోనే వాలెస్ దాని తొలి ముసాయిదాను పూర్తి చేశారు. మార్పులు చేయడానికి ఆయనకు సమయం దొరకలేదు. అప్పటివరకు గుర్తించని మధుమేహం, దానికి తోడైన న్యుమోనియాతో ఫిబ్రవరి 10న బెవర్లీ హిల్స్‌లో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 56. జేమ్స్ క్రీల్‌మన్, రూత్ రోజ్ ఆ స్క్రీన్‌ప్లేను తిరిగి రాశారు. 1933లో విడుదలైన 'కింగ్ కాంగ్' చిత్రంలో మూల ఆలోచన వాలెస్, కూపర్‌లదిగా పేర్కొన్నారు. తుది చిత్రంలో వాలెస్ పాలు అత్యల్పమని కూపర్ తరువాత చెప్పడంతో ఆ ఘనత ఎవరిదన్న చర్చ నేటికీ సాగుతోంది.

ఆయన భౌతికకాయం ఓడలో స్వదేశం చేరినప్పుడు, లండన్ పత్రికా కార్యాలయాలకు నిలయమైన ఫ్లీట్ స్ట్రీట్‌లో జెండాలు అవనతమయ్యాయి, సెయింట్ బ్రైడ్స్ చర్చి గంట మోగింది. ఆయన వెనుక మిగిలినది లక్ష పౌండ్లకు మించిన అప్పు. పుస్తకాల రాయల్టీలు కొద్ది సంవత్సరాల్లోనే దాన్ని తీర్చివేశాయి. 1959 నుంచి 1972 వరకు జర్మనీలో ఆయన కథలతో ముప్పైకి పైగా చిత్రాలు వచ్చాయి. ఒకప్పుడు పదకొండేళ్ల బాలుడు పత్రికలు అమ్మిన లడ్‌గేట్ సర్కస్ వద్ద నేడు ఆయన స్మారక ఫలకం ఉంది. అది నవలాకారునిగా కంటే, ఫ్లీట్ స్ట్రీట్‌ను ప్రేమించిన పాత్రికేయునిగానే ఆయనను స్మరిస్తుంది.