అల్ ఖ్వారిజ్మీ: వాటాల లెక్క నేర్పిన విద్వాంసుడు

మనుబోలు బడిలో మన పిల్లలు నేర్చే బీజగణితానికి పునాది వేసిన వారిలో ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ ముఖ్యులు. ఆయన క్రీ.శ. 780 ప్రాంతంలో జన్మించారు. ఖలీఫా మామూన్ కాలంలో (813-833) బాగ్దాదులోని బైతుల్ హిక్మాలో పనిచేశారు. బీజగణితంపై ఆయన రాసిన గ్రంథంలో పెద్ద భాగం వారసత్వ పంపకాలదే. గుర్తులు లేని ఆ రోజుల్లో లెక్కంతా మాటల్లోనే రాశారు.

దాన్నే నేటి గుర్తుల్లో చూద్దాం. కొడుకు, కూతురు మాత్రమే వారసులు. దివ్యఖుర్ఆన్ నిర్ణయం ప్రకారం కూతురికి ‘క’ అయితే కొడుక్కి 2క, మొత్తం 3క. కూతురి భాగం క/3క. పైనా కిందా గుణకంగా ఉన్న ‘క’ను కొట్టివేస్తే 1/3. ఆస్తి వెయ్యి అయినా లక్ష అయినా అంతే. కూడికలో ఉన్నదాన్ని మాత్రం అలా కొట్టివేయరాదు. లెక్క తప్పి ఒకరి హక్కు పోతుంది.

ఖ్వారిజ్మీ 850 ప్రాంతంలో మరణించారు. ఆ లెక్కను మన పిల్లలకు నేర్పుదాం, ఆడబిడ్డ వాటా తగ్గకుండా చూద్దాం.