కట్టమంచివారు - ఆంధ్ర విశ్వకళాపరిషత్తు

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఈనాడు కళాశాల చదువు ముగించిన విద్యార్థి పట్టాపై ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము పేరుండును. అతని తాత పట్టాపై ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పేరుండెడిది. అంతకు ముందటి తరమువారు చదివినది కాకినాడలోనైనను రాజమహేంద్రవరములోనైనను పట్టా పుచ్చుకొన్నది మదరాసు విశ్వవిద్యాలయము వలన. ఆ మదరాసు తాడు తెగి తెలుగువారికి సొంత విద్యాపీఠ మేర్పడిన కాలమున దాని పగ్గములు పట్టినవారు కట్టమంచి రామలింగారెడ్డిగారు.

వీరు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచి గ్రామమున జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొనుచుండగనే ముసలమ్మ మరణమను కావ్యమును రచించిరి. 1902లో సీమకేగి కేంబ్రిడ్జి సెయింట్ జాన్సు కళాశాలలో చేరి, అచటి విద్యార్థి సభయగు యూనియనుకు ఉపాధ్యక్షులైరి. తిరిగి వచ్చి బరోడాలోను, పిదప మైసూరులోను ఆచార్య పదవులు నిర్వహించిరి. 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారము మన పండితులలో రేపిన గాలిదుమారము పెద్దది. ప్రబంధములను తాటియాకు మడతలోనుండి వెలికిదీసి వెలుతురులో పరీక్షింపవచ్చునని చూపిన గ్రంథమది. మైసూరు విశ్వవిద్యాలయము 1916లో పుట్టుచుండగా దగ్గర నుండి చూచిన అనుభవము వీరికి తరువాత అక్కరకు వచ్చినది.

రాజకీయములలో వీరి నడక తిన్ననిది కాదు. జస్టిసు కక్షిలో చేరిరి. ఆ కక్షి నాయకులతో పడక విడిపోయిరి. 1923లో పానగల్లు రాజావారి మంత్రివర్గముపై మదరాసు శాసనసభలో అవిశ్వాస తీర్మానము తెచ్చి ఓడిరి. ఓటమి వీరిని నోరు మూయించలేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు చట్టము అమలులోనికి వచ్చెను. రెడ్డిగారు ప్రథమ వైస్‌ఛాన్సలరైరి. చట్టము ప్రకారము మదరాసు గవర్నరే ఛాన్సలరు. పట్టభద్రుల ప్రతినిధులు, కళాశాలలవారు మొదలగువారు కూర్చుండు సెనేటు. నిత్య కార్యములను నడుపు సిండికేటు. పాఠ్య ప్రణాళికలను, పరీక్షలను చూచు విద్యాసంఘము. ఈ అంగములలో మన కథకు ముఖ్యమైనది సెనేటు. ఏలయనగా వైస్‌ఛాన్సలరును ఎన్నుకొను హక్కు సెనేటుది. తెల్లదొర తలపై కూర్చున్న కాలములో పరిపాలకుని తమ వోటుతో నిలుపుకొనగల సంస్థ మన జిల్లాలకు ఇంకెన్ని యుండెను?

అయితే సొంత ఇల్లు దొరకగానే అన్నదమ్ములు గదుల కొరకు తగవులాడిరి. బెజవాడలో ప్రారంభమైన సంస్థను తమ యూరికి తెచ్చుకొనవలెనని రాజమహేంద్రవరము పట్టుపట్టినది. గోదావరి మండలమువారికి ఆ ఆశ సహజమే. నన్నయభట్టు నడచిన నేల గదా! తుదకు 1930లో విశాఖపట్టణపు వాల్తేరు మెట్టలకు చేరినది. దత్తమండలములవారు ఈ విశ్వవిద్యాలయముతో పొసగక మదరాసుననే నిలిచిపోయిరి. రాయలసీమ బిడ్డయే అధిపతిగా నుండగా ఈ చీలిక నివారణ కాకపోవుట విచారకరము. తప్పంతయు వీరిపై మోపుట న్యాయము కాదు గాని, సర్కారు జిల్లాలవారమైన మనము మన వంతు తప్పును కూడ లెక్కింపవలెను.

1930 వచ్చెను. ఉప్పు సత్యాగ్రహము మన తీరమంతట సాగెను, లాఠీలు విరుగుచుండెను. దొరతనమువారి దౌర్జన్యమునకు నిరసనగా రెడ్డిగారు వైస్‌ఛాన్సలరు పదవికి రాజీనామా నిచ్చిరి. వీరు కాంగ్రెసు జెండా మోసినవారు కారు, జైలుకేగినవారు కారు. అయినను గవర్నరు ఛాన్సలరుగానున్న సంస్థలో ఆ గవర్నరు ప్రభుత్వమునే నిందించి కుర్చీ విడిచిరి. పదవియందుండి దేశమునకు సేవ చేయుచున్నామని సమాధానము చెప్పుకొనువారు ఆనాడు కొల్లలు.

ఆ మీదట 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ స్థానమును అలంకరించిరి. భగవంతము, శేషాద్రి, హీరేంద్రనాథ ముఖర్జీ, హుమాయూన్ కబీరు వంటి యువకులను వాల్తేరుకు రప్పించిన ఘనత వారిది. 1933లో రవీంద్రనాథఠాకూరు అచట ఉపన్యసించిరి. జయపుర మహారాజా విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయల విరాళముతో విజ్ఞానశాస్త్ర శాఖను నిలబెట్టిరి.

1936లో సెనేటు రెడ్డిగారిని మరల ఎన్నుకొన్నది. 1949 వరకు పదుమూడేండ్లు వారే. కోనసీమ పిల్లలు వాల్తేరు బాట పట్టిన కాలమిది. ముక్తేశ్వరము రేవున గౌతమి దాటి, కోటిపల్లిలో రైలెక్కి, కాకినాడ, సామర్లకోటల మీదుగా పోవలెను. 1928లో వేసిన ఆ కోటిపల్లి రైలుదారిని యుద్ధమునకు ఇనుము కావలసి 1940లో పెరికివేసిరి. 1942 ఏప్రిలులో జపానువారి బాంబులు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను పడినవి. వాల్తేరు భవనములు సైన్యము వశమై, విశ్వవిద్యాలయము గుంటూరుకు తరలినది. పుస్తకములు, పరికరములు, ఆచార్యులు, విద్యార్థులు - అంతటిని మోసికొనిపోయి చదువు ఆగకుండ నడుపుట చిన్న పని కాదు. యుద్ధానంతరము మరల వాల్తేరు చేర్చినది కూడ రెడ్డిగారే.

ఆ 1942లోనే వీరు సర్ బిరుదమును స్వీకరించిరి. దేశనాయకులు చెరసాలలకు పోయిన యేడు అది. పండ్రెండేండ్ల క్రిందట దొరతనముపై అలిగి కుర్చీ విడిచిన చేయి ఇప్పుడు దొరతనపు కానుకకు చాచబడుట వీరి అభిమానులకు సైతము మ్రింగుడుపడదు. దీనికి నేను సమర్థన వెదకను. రాజీనామాను పొగడిన కలము దీనిని దాచరాదు.

వీరు వివాహమాడలేదు. 1949లో వాల్తేరు విడిచి మైసూరు విశ్వవిద్యాలయపు ప్రోఛాన్సలరుగా వెళ్లిరి. వారి స్థానమున వి.యస్. కృష్ణగారు కూర్చుండిరి. 1951 ఫిబ్రవరి 24న రెడ్డిగారు పరమపదించిరి.

అదే 1951లో అమలాపురమున శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల వెలసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నీడన చేరినది. పట్టా కొరకు పిల్లవాడు గౌతమి దాటవలసిన పని తప్పినది. 2006లో రాజమహేంద్రవరమున నన్నయ పేర విశ్వవిద్యాలయము నెలకొని గోదావరి జిల్లాల కళాశాలలు దాని క్రిందికి వచ్చినవి; ఎనుబదియేండ్ల నాటి ఆ తగవు అట్లు తీరినది. 1991 చట్టము తరువాత రాష్ట్ర విశ్వవిద్యాలయములలో సిండికేటు పోయి పాలకమండలి వచ్చినది. వైస్‌ఛాన్సలరునకు ఎన్నిక లేదు. అన్వేషణ సంఘము సూచించిన పేర్లలోనుండి నియామకము జరుగును. వోటువేసి రెడ్డిగారిని 1936లో తిరిగి పిలిచిన సెనేటు మాత్రము ఇప్పుడు లేదు.