కడలి అండాల పరిశోధకుడు – ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్

సముద్రజలం కలుషితమైనదో కాదో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు ఉపయోగించే జీవులలో సీ అర్చిన్ ముఖ్యమైనది. ఒళ్ళంతా ముళ్ళతో బంతిలా కనిపించే ఈ చిన్న ప్రాణి అండాలను ఏళ్ళ తరబడి పరిశీలించిన మహనీయుడు ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్.

జస్ట్ 1883 ఆగస్టు 14న అమెరికాలోని చార్లెస్టన్ నగరంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించారు. నాలుగేళ్ళ ప్రాయంలోనే తండ్రిని కోల్పోయారు. ఉపాధ్యాయురాలైన తల్లి మేరీ ఆయనకు తొలి గురువు. ఉన్నత విద్యకోసం ఉత్తరాదికి వెళ్ళి, 1907లో డార్ట్‌మత్ కళాశాలలో విశిష్ట శ్రేణిలో పట్టభద్రులయ్యారు. ఎంతటి ప్రతిభ ఉన్నా ఆనాటి శ్వేతజాతి విశ్వవిద్యాలయాలలో నల్లజాతివారికి అధ్యాపక పదవులు లభించేవి కావు. అందువల్ల ఆయన వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు.

1909లో ఉడ్స్ హోల్ సముద్రజీవశాస్త్ర ప్రయోగశాలలో ఫ్రాంక్ లిల్లీ వద్ద పరిశోధన ప్రారంభించారు. అప్పటినుండి దాదాపు ఇరవై వేసవులు అక్కడే గడిపారు. 1915లో స్పింగార్న్ పతకాన్ని అందుకున్న తొలి వ్యక్తి ఆయనే. 1916లో చికాగో విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు.

శుక్రకణం తాకిన వెంటనే అండం ఉపరితలంపై ఒక మార్పు అలలా వ్యాపిస్తుందనీ, ఆపై పలుచని పొర పైకి లేస్తుందనీ ఆయన నిశితంగా వివరించారు. అండాలను వాటి సహజ స్థితిలోనే పరిశీలించాలన్నది ఆయన నియమం. గాజుపాత్రకు రసాయనపు మరక అంటినా ఫలితం తారుమారవుతుందని విద్యార్థులను హెచ్చరించేవారు. ఆరోగ్యవంతమైన అండం ఎలా వృద్ధి చెందుతుందో తెలిస్తేనే కదా, చెడిన అండాన్ని గుర్తించగలం!

జస్ట్ కాలుష్య పరీక్షకోసం పనిచేయలేదు. కానీ ఆ పరీక్షకు ఆధారం ఈ సూత్రమే. పరీక్షించవలసిన నీటిలో శుక్రకణాలను కొంతసేపు ఉంచి, తరువాత అండాలను కలుపుతారు. పొర ఏర్పడిన అండాలను లెక్కిస్తారు. పరిశుభ్రమైన నీటిలో దాదాపు అన్ని అండాలూ ఫలదీకరణం చెందుతాయి. రాగి వంటి లోహాలు మితిమీరితే ఆ సంఖ్య పడిపోతుంది. పిండాలు వికృతరూపం దాలుస్తాయి. ఉడ్స్ హోల్‌లో జస్ట్ పరిశీలించిన అర్బేసియా జాతినే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తన పరీక్షా విధానాలలో చేర్చింది.

స్వదేశంలో వర్ణవివక్ష ఆయనను విడువలేదు. 1929లో నేపుల్స్‌కు, ఆ మరుసటి ఏట బెర్లిన్‌కు వెళ్ళి, అక్కడ సమాన గౌరవాన్ని పొందారు. 1939లో జీవకణ ఉపరితలంపై తన ప్రసిద్ధ గ్రంథాన్ని వెలువరించారు. 1940లో జర్మన్ సేనలు ఫ్రాన్సును ఆక్రమించినప్పుడు కొంతకాలం నిర్బంధంలో గడిపి, స్వదేశానికి తిరిగివచ్చారు. 1941 అక్టోబరు 27న క్యాన్సర్ వ్యాధితో కన్నుమూశారు.

1996లో అమెరికా ప్రభుత్వం ఆయన స్మృతిచిహ్నంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది. తన ప్రతిభకు తగిన స్థానం స్వదేశంలో దక్కకపోయినా, సత్యాన్వేషణలో ఆయన చూపిన నిష్ఠ శాస్త్రలోకానికి నేటికీ మార్గదర్శకం.